చేతిలో వాటా

గద్వాల పక్కన పత్తి మిల్లులో పనిచేస్తుండగా సామ్యూల్ కుడిచెయ్యి యంత్రంలో పడింది. బొటనవేలు, చిటికెనవేలు మాత్రం మిగిలాయి. దవాఖానలో చేర్చిన మేస్త్రీ మళ్లీ మొహం చూపించలేదు. మిల్లు యజమానైతే అసలు అలాంటి మనిషి తన దగ్గర పనిచెయ్యనే లేదన్నాడు.

అప్పుడు మంచం దగ్గరికి కుంటుతూ వచ్చినవాడు నిరంజన్. ఇంటి కప్పు పోసే సెంట్రింగు పనిలో పైనుంచి పడి కాలు అవిటైనవాడు. తన నష్టపరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ దారులన్నీ నేర్చుకున్నాడు. దెబ్బ తగిలినవాళ్ల కేసులు నడిపించడమే ఇప్పుడు అతని బతుకుతెరువు. మిల్లులో ఇద్దరిని సాక్ష్యానికి ఒప్పించాడు, డాక్టరు సర్టిఫికెట్ ఇప్పించాడు, కార్మిక శాఖలో కేసు వేయించాడు. సామ్యూల్ భార్య ఏసమ్మ ప్రార్థనలో అతని పేరు కూడా తలుచుకునేది.

కానీ వచ్చేదాంట్లో సగం తనదని అతను ముందే స్టాంపు కాగితం మీద సామ్యూల్‌తో ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నాడు. బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు కూడా తన సంచిలోనే పెట్టుకున్నాడు. ఏసమ్మకు అది మింగుడుపడలేదు. అడుగుదామంటే సామ్యూల్ అడ్డుపడేవాడు, ఆ మనిషి లేకపోతే తమ మొహం చూసేవాళ్లెవరని.

తీర్పు రోజున కార్మిక అధికారి మాలతి, భార్యాభర్తలను తప్ప వెంట వచ్చినవాళ్లందరినీ బయట ఉండమంది. ఇట్లా వాటాలు తీసుకుంటున్నారని ఆమె చెవిన పడింది. కేసు గెలిచారని చెప్పి, డబ్బు ఏ ఖాతాలో పడాలని అడిగింది. సామ్యూల్ తల వంచుకున్నాడు. బల్ల కింద నుంచి ఏసమ్మ కాలు తొక్కాడు.

ఏసమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

"ఖాతా ఈయనదే మేడం. పాస్‌బుక్కు, కార్డు నిరంజన్ అన్న దగ్గరున్నయి."

మాలతి నిరంజన్‌ను లోపలికి పిలిపించింది. నష్టపరిహారం దెబ్బ తగిలినవాడిదేనని, దాంట్లో వాటా రాయించుకున్న ఏ కాగితమూ చెల్లదని చెప్పింది. ఇకమీదట తన ఆఫీసులో కేసులు నడిపించేవాళ్లు పేరు రాయించుకోవాలి, ఫీజు ఎంతో తన ముందే చెప్పాలి, ఎవరి పాస్‌బుక్కూ దగ్గర పెట్టుకోకూడదు. నిరంజన్ సంచి విప్పి అన్నీ బల్ల మీద పెట్టాడు. అతని మొహం కందిపోయింది.

"నేను తిరగకుంటే గీ కేసు యాడుండె? నీ పెనిమిటినే అడుగు," అన్నాడు ఏసమ్మతో.

ఆ మాట అబద్ధం కాదని ఆమెకు తెలుసు. 

"నువ్వు తిరిగినవు, కాదంటలేను అన్నా. తిరిగినదానికి కూలి ఇస్తం. ఈయన చేతిల వాటా ఇయ్యం."

 ఎంత కూలో ముగ్గురూ మాలతి ఎదుటనే మాట్లాడుకున్నారు. తమ ఊరు గట్టు దాకా బస్సులో సామ్యూల్ ఆమె పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చున్నాడు. డబ్బు ఖాతాలో పడ్డాక మాత్రం తనే పోయి నిరంజన్‌కు కూలి ఇచ్చి వచ్చాడు. అతను చాయ్ తాగించాడని ఇంటికొచ్చి చెప్పాడు. మిగిలిన డబ్బుతో మేకలు కొన్నారు.

చాలా రోజుల తర్వాత మల్దకల్ నుంచి సుగుణమ్మ అనే ఆమె వెతుక్కుంటూ వచ్చింది. బావి పూడిక తీస్తుంటే ఆమె కొడుకు మీద బండరాయి పడి నడుము విరిగింది. ఎవరి దగ్గరికి పోవాలో ఏసమ్మను అడిగింది.

"నిరంజన్ దగ్గరికే పో. ఆఫీసుల పేరు రాయించుకున్నడు ఇప్పుడు. పని తెలిసినోడు," అంది ఏసమ్మ. "ఫీజు మాత్రం మేడం ముందల్నే మాట్లాడుకో."

దొడ్లో మేకలకు ఆకు వేస్తున్న సామ్యూల్ అది విన్నాడు. రేపు తానూ వెంట వస్తానని సుగుణమ్మతో చెప్పాడు.