జిగురు లేని మెడ

వానాకాలం వచ్చిందంటే మా అక్క పనిగది కిటికీలన్నీ మూసేసి, సందులకు టేపు అంటిస్తుంది. చెక్క తేమ పీల్చుకోకూడదట. లోపల మనుషులు ఊపిరాడక చచ్చినా ఫరవాలేదు. ఆ గదిలో నేను పందొమ్మిదేళ్ళుగా గిటార్లకు మెడలు తగిలిస్తున్నాను.

గిటారు పెట్టెలు చేసేది అక్క, మెడలు నావి. పెట్టె ఎంత బాగా మోగినా, మెడ దాంతో కలిసే చోట అతుకు కాస్త కదిలిందా, తీగలు పైకి లేచిపోతాయి, వాయించేవాడి వేళ్ళు పుండ్లవుతాయి. ఆరు తీగలూ కలిసి డెబ్భై కిలోల బలంతో ఆ అతుకును లాగుతూనే ఉంటాయి. మా పద్ధతి పాతది. మెడ చివర పిట్ట తోకలా విచ్చుకున్న నాలుక, పెట్టెలో అదే ఆకారంలో గాడి. ఉలితో పొరపొరగా చెక్కుతూ, పెట్టి చూస్తూ, తీస్తూ, చివరికి వేడి జిగురు రాసి దించేయాలి. ఒక్క పొర ఎక్కువ లేచిపోతే రెండు రోజుల పని గంగపాలు. ఆరేళ్ళ కిందట మెట్ల మీద పడి అక్క మణికట్టు విరిగింది. అప్పట్నుంచి ఆమె ఉలి నెట్టలేకపోతోంది. కాబట్టి నేను కదలలేను.

మా ఆవిడకు వేరే ఊళ్ళో బడిలో ఉద్యోగమొచ్చి మూడేళ్ళయింది. పాప కూడా అక్కడే. నేను ఆదివారం నాన్నను. బస్సు దిగేసరికి సగం రోజు అయిపోతుంది, పాపకు నాతో మాటలు కుదిరేసరికి తిరుగు బస్సు వేళవుతుంది. ఈ బతుకు నాకు విసుగెత్తిపోయింది.

అందుకే కొత్త అతుకు ఆలోచించాను. నాలుక తిన్నగా ఉంటుంది, మెషీను మీద అచ్చు పెట్టి కోసేయొచ్చు. ఉలి అక్కర్లేదు. పెట్టె లోపలి నుంచి రెండు బోల్టులు బిగిస్తే చాలు. చెప్పినంత సులువుగా ఏం రాలేదు. బోల్టు బిగించిన ప్రతిసారీ నాలుక నిలువునా చీలిపోయేది. ఏడు మెడలు పొయ్యిలోకి పోయాయి. ఎనిమిదోదానికి నాలుకలో అడ్డంగా గట్టి కర్ర కడ్డీ ఒకటి దిగేసి, బోల్టు మరలు దాన్ని పట్టుకునేలా చేశాను. అప్పుడు నిలిచింది.

అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"జిగురు లేకుండా నిలుస్తుందంటావా?"

"నిలుస్తుంది. ఒంటి చేత్తో నువ్వే బిగించుకోవచ్చు. నన్ను వదిలెయ్ అక్కా."

"నేనేమన్నా కట్టేశానట్రా? సరే, ఒక గిటారు చెయ్యి. వానాకాలమంతా తీగలు దించకుండా ఉంచుదాం. తీగ ఎత్తు వెంట్రుకవాసి మారకపోతే నువ్వెళ్ళు. మారిందో, మళ్ళీ ఆ మాటెత్తకు."

గిటారు బిగించిన రోజు నాకు బాగా గుర్తు. బల్ల మీద మొత్తం నాలుగు మెడలున్నాయి, మూడు పాత పద్ధతివి, ఒకటి నాది. మా ఆవిడ ఫోను చేసింది. ఇల్లు చూశానంది, వెనక నాకు పనికొచ్చే షెడ్డు కూడా ఉందంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, "షెడ్డుకు కిటికీలున్నాయా?" అని అడుగుతూనే నాలుగు మెడలూ దించేశాను.

మూడు నెలలు అక్క పొద్దున్నే కొలిచింది. తీగ ఎత్తు కొలబద్ద మీద ఒక్క గీత కూడా మారలేదు. నేను అటు వెళ్ళాక ఎలా చేయాలో కాగితాల మీద బొమ్మలు గీసిపెట్టాను. అక్క ఎప్పుడూ లేనంత ఉషారుగా ఉండేది, నా మీద జోకులు కూడా వేసేది. పోయేవాణ్ణి కదా, మంచిగా సాగనంపుతోంది కాబోలు అనుకున్నాను.

వానలు వెనకబట్టాక తీగలు దించి, బోల్టులు తిప్పే అలెన్ కీ అక్క చేతికిచ్చాను. మెడ ఊడదీసి, మళ్ళీ తనే బిగించి చూపిస్తే నాకు సెలవు. అక్క రెండు బోల్టులూ తీసింది. మెడ రాలేదు. నేను లాగాను. రాలేదు. మోకాళ్ళ మధ్య పెట్టి లాగాను. పెట్టె లోపలికి చిన్న లైటూ, అద్దమూ పంపి చూశాను. అతుకు పొడవునా సన్నగా, తేనె రంగులో జిగురు గీత.

"ఎవరు రాశారిది?" అని అరిచాను.

అక్క వింతగా చూసింది. "నువ్వే కదరా. ఫోన్లో మాట్లాడుతూ నాలుగు మెడలకీ వరసగా రాశావు. నేను ఎదురుగానే ఉన్నా."

"మరి చెప్పొద్దూ?"

"నీకు తెలీకుండా రాశావని నేననుకోలేదు. వెళ్ళడం ఇష్టం లేక రాశావనుకున్నా. నోటితో చెప్పలేక ఇలా చేశావనుకుని..." అక్క అలెన్ కీ బల్ల మీద పెట్టేసింది. "మూడు నెలలు ఎంత సంతోషంగా ఉన్నానో నీకేం తెలుసు?"

పందొమ్మిదేళ్ళు జిగురు రాసిన చెయ్యి, నన్నడక్కుండానే రాసేసింది.

"ఆవిరి పట్టి ఊడదీద్దాం," అంది అక్క. "కానీ జిగురుతో నిలిచిందాన్ని బోల్టుతో నిలిచిందని ఎలా అనుకోను? రేపు మెడలు లేచిపోతే అవన్నీ నా దగ్గరికే వస్తాయి. మళ్ళీ వానాకాలం చూడాల్సిందే."

అంటే ఇంకో ఏడాది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫోను. "ఊడిందా? ఇల్లుగలాయన ఇక ఆగనంటున్నాడు, ఇవాళ ఔనో కాదో చెప్పాలండీ."

"లేదు. దానికి జిగురు అంటుకుని ఉంది."

"జిగురేమిటి? ఎవరు రాశారు?"

నేను రాశానని చెప్తే, నాకే రావడం ఇష్టం లేదని అనుకుంటుంది. అక్క అనుకోలేదూ?

"అక్క రాసింది," అన్నాను.

అవతల మా ఆవిడ ఏడుపు ఆ మూసిన గదిలో ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది. "వదినకి నేనేం ద్రోహం చేశానండీ?"

అక్క చెయ్యి చాచి నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"అవునమ్మా, నేనే రాశాను," అంది. "వీడు వెళ్ళిపోతాడని భయమేసి రాశాను. తప్పయిపోయింది, ఏమనుకోకు."

ఫోను నా చేతిలో పెట్టి, ఆవిరికి నీళ్ళు మరిగించడానికి అటు వెళ్ళింది. నా వైపు చూడలేదు. ఇక అక్కను వదిలి నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?