ఇరవై మందికి సరిపోయే నీడ

ఎండాకాలం తండాలో ఆడవాళ్లు తెల్లవారుజామునే అడవికి పోయి బీడీల తునికాకు తెంపుకొస్తారు. పొద్దెక్కాక గోరి అనే ముసలామె నీడలో కూర్చుని కట్టలు కడతారు. ఎండలో అయితే ఆకు ముడుచుకుపోతుంది. డెబ్బై ఏళ్ల గోరి నీడ ఇరవై మందికి సరిపోయేది. కబుర్లు ముదిరితే ఇంకాస్త సాగేది.

ఆ ఏడు మాఘంలో గోరి కాలు జారి పడింది. కొత్తగూడెం గనిలో కొలువు చేసే కొడుకు కిషన్‌లాల్ ఇంటికి కరెంటు పెట్టించి, వెనక గదిలో తల్లికి మంచం వేసి, ఫ్యాను బిగించాడు.

"యాడీ, ఇగ నువ్వు గడప దాటొద్దు. నీకేం తక్కువ?"

"తక్కువేం లేదు" అంది గోరి.

ఉగాదికి గోరి నీడ తగ్గి చాటంత అయింది. తునికాకు మొదలయ్యేనాటికి గిన్నె మూతంత. నీడ అయిపోతే మనిషి అయిపోయినట్టే, అది అందరికీ తెలిసిందే.

కిషన్‌లాల్ రెండు వందల క్యాండిళ్ల బల్బు తెచ్చి నేలకు దగ్గరగా వేలాడదీశాడు. గోడ మీద మంచం నీడ పెద్దగా పడింది. గోరిది పెరగలేదు.

"ఇంకా పెద్దది తేవాలె" అన్నాడు.

"సూర్యున్నే తెచ్చి కట్టు" అంది పెళ్లాం రుక్మిణి.

నీడ అగ్గిపెట్టెంత అయిన రోజు కిషన్‌లాల్ చుట్టాలకు కార్డులు రాసి, వారం సెలవు పెట్టి వచ్చాడు.

రెండు బండ్లలో చుట్టాలు దిగారు. గోరి చెల్లెలు బాలి వాకిట్లోనే ఏడుపు ఎత్తుకుంది. గదిలో నలుగురికి మించి పట్టరు. మంచం ఎత్తి బయటికి తెచ్చారు. పక్కింటి ముత్తక్క చేతిలో ఆకుతోనే వచ్చింది.

"ఏంది వదినె, చెప్పకుండనే పోతున్నవా?"

"నిన్ను ఎంట తీసుకపోదామని ఆగిన."

బాలి ఏడుస్తూనే నవ్వింది. చిన్నప్పుడు మేకను అమ్ముకుతిని పులి ఎత్తుకపోయిందని అక్క చెప్పిన అబద్ధం బయటపెట్టింది.

"పులే ఎత్తుకపోయింది" అంది గోరి.

"పులి మేక మెడల గంట ఇప్పి గుంజకు కట్టి పోయిందా?"

వాకిలి రెండు పక్షాలయింది. మేకను చూడనివాళ్లు ఎక్కువ అరిచారు. మంచం కింద గోరి నీడ పక్కలకు పాకింది. కోళ్ల గంప దాటింది, బండి చక్రాలు దాటింది. ఎండలో ఉన్నవాళ్లు ఆ నీడలోకి జరిగారు, అంతే.

"అక్కా, సావుకని వస్తే గిదేంది?" అంది బాలి కళ్లు తుడుచుకుంటూ.

"వచ్చినోళ్లు ఊకెనే కూసుంటరా? తలా పది కట్టలు కట్టుండ్రి" అంది గోరి.

తల్లి చావుకని పెట్టిన సెలవు కిషన్‌లాల్‌కు ఆకు తెంపడానికే సరిపోయింది.