రెండు చెవులూ మంచివే

అమలమ్మ సంచి సర్దుతోంది. మందుల చీటీలు, తువ్వాలు, వాంతి అయితే పట్టడానికి ప్లాస్టిక్ కవర్లు, మార్చుకోవడానికి ఒక చొక్కా. మర్నాడు భర్త సంజీవరావుకు చెవి పరీక్ష. కళ్లు తిరిగే జబ్బుకు చెవిని పరీక్షించడమేమిటో ఆమెకు మొదట అర్థం కాలేదు. మాత్రలు రెండు రోజుల ముందే ఆపెయ్యమన్నారు. ఆపినప్పటినుంచి ఆయన గోడ పట్టుకోనిదే అడుగు వెయ్యలేకపోతున్నాడు.

"ముప్పై ఏళ్లు ఆటోనగర్లో లారీలకి అలైన్‌మెంట్ చేశాను. చివరికి నాకే అలైన్‌మెంట్ పోయింది," అన్నాడు మంచం మీంచి.

"చాల్లెండి. కదలమాకండి," అంటూ ఆమె ఆయన చెవుల్లో వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె పోసి దూది పెట్టింది. పరీక్షలో చెవిలోకి వేడినీళ్లు, చన్నీళ్లు పంపిస్తారని విన్నప్పటినుంచి ఆమెకు బెంగ. చెవికి నూనె కాపు వాళ్లమ్మ నేర్పిన వైద్యం.

డాక్టరు చెప్పిన మాట ఆమె మనసులో మెదులుతూనే ఉంది. లోపం చెవిలో ఉంటే ఇంటిపట్టునే ఉండి మందులతో, వ్యాయామాలతో తగ్గించుకోవచ్చు. చెవులు బాగుంటే లోపం తలలో ఉన్నట్టు. అప్పుడు హైదరాబాదు వెళ్లి తలకి ఆపరేషన్ చేయించుకోవాల్సి రావచ్చు. అందుకే అమలమ్మ గుణదల మాత కొండవైపు తిరిగి, ఎవరూ మొక్కని మొక్కు మొక్కింది. తల్లీ, ఈయన చెవే పాడైపోయి ఉండాలి.

ఆసుపత్రిలో పరీక్ష చేసే అమ్మాయి శాలిని, చెవిలోకి లైటు వేసి చూసి ఆగిపోయింది.

"నూనె ఎవరు పోశారండీ?"

"నేనేనమ్మా. చన్నీళ్లకి తట్టుకుంటదని."

"నూనె, గుబిలి కలిసి గడ్డకట్టాయి ఆంటీ. నీళ్లు లోపలికి పోవు. మంచి చెవి కూడా చచ్చిన చెవిలా కనపడుద్ది. ఈ చుక్కలు వేసి వచ్చే గురువారం తీసుకురండి."

"నీ వైద్యానికి ఆసుపత్రే జడిసిందే," అన్నాడు సంజీవరావు ఆటోలో.

అమలమ్మకు లోలోపల సంతోషమే. ఇంకో వారం ఆయన ఇంట్లో ఉంటాడు. ఆ వారమంతా గుణదల తిరనాళ్ల మైకులు మోగాయి. ఆయన కుళాయి దగ్గర రెండుసార్లు పడ్డాడు. మాట ముద్దగా రావడం మొదలైంది.

గురువారం చీకటిగదిలో పడుకోబెట్టి కళ్లకు నల్లటి అద్దాల పెట్టె తగిలించారు. పక్కన తెరమీద ఆయన కళ్లు పెద్దవిగా కనిపించాయి. ఎడమ చెవిలోకి వేడినీళ్లు వెళ్లగానే కనుపాపలు పక్కకు జారి, ఉలిక్కిపడి వెనక్కి వచ్చి, మళ్లీ జారాయి.

"అమలా, మంచం తిరుగుతోందే."

"తిరగాలంకుల్. చెవి బాగుంటేనే తిరుగుద్ది," అంది శాలిని.

కుడి చెవికీ అంతే. చన్నీళ్లకూ అంతే. కనుపాపలు కదిలిన ప్రతిసారీ అమలమ్మ ఆ మొక్కే మళ్లీ మొక్కింది.

డాక్టరు వచ్చి తెర చూశాడు. "రెండు చెవులూ మంచివేనమ్మా. కానీ చూపు పక్కకి నిలిపినప్పుడు కళ్లు కొట్టుకునే తీరు బాగాలేదు. మాట కూడా తడబడుతోంది. లోపం తల వెనకభాగంలో ఉన్నట్టుంది. ఆలస్యం చెయ్యకండి."

"నూనె పొయ్యకపోతే పోయిన వారమే తెలిసేదా బాబూ?"

డాక్టరు చీటీ రాస్తూ, "ఇప్పుడు తెలిసిందిగా," అన్నాడు.

బయట బెంచీమీద కూర్చున్న ఒకావిడ, "చెవులు బాగున్నాయంటగా. అదృష్టవంతులు," అంది. అమలమ్మ తల ఊపింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ హైదరాబాదు బయలుదేరారు. అమలమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. సంజీవరావు రాలేదు. ఫిబ్రవరి పదిహేడు, సోమవారం మధ్యాహ్నం, ఆపరేషన్ గదిలోనే పోయాడు.