దొర చెయ్యి తీశాడు

క్రేన్ నడిపే ఆయన్ని పనిచోట అందరూ దొర అనేవారు, ఎవరి మాటా వినడని. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుని "ప్రభువా, నా బతుకంతా నీదే" అని గొంతెత్తి ప్రార్థించేవాడు. సోమవారం పొద్దున్నే ఆ ప్రభువుకే పనులు పురమాయించేవాడు. "ప్రార్థన చేస్తున్నావా, దేవుడికి డ్యూటీ వేస్తున్నావా?" అని భార్య దెప్పేది. ఆవిడ మాట మాత్రం ఎందుకు వింటాడు?

ఆ రోజు ఇనుప దూలాన్ని కట్టడం వెనక్కి దింపుతున్నాడు. క్యాబిన్‌లోంచి అటువైపు కనపడదు. కింద నిలబడ్డ బావమరిది వైర్‌లెస్‌లో చెబితే తప్ప లివర్ కదపకూడదన్నది అక్కడి నియమం. మధ్యలో వైర్‌లెస్ గరగరలాడి ఆగింది. ఇన్నేళ్ళ అనుభవం, ఇంకెంత దింపాలో తనకి ఒకరు చెప్పాలా? జానెడు దింపాడు.

కింద ఎవరో గావుకేక పెట్టారు. అంతలో వైర్‌లెస్ మళ్ళీ పలికి బావమరిది గొంతు వినిపించింది.

"ఆపు బావా! నీ అల్లుడి కాలు గోడకీ దూలానికీ మధ్య ఇరుక్కుంది!"

ఫిట్టర్‌గా అదే చోట పనిచేస్తున్నాడు అల్లుడు. దొరకి పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి దానంతటదే లివర్ మీదికి వెళ్ళింది.

"ఎత్తేస్తున్నాను!"

"ఎత్తావంటే దూలం దొర్లి వాడి ఛాతీ మీదికి వస్తుంది. జాకీ పెడుతున్నారు. నీకు దణ్ణం పెడతాను, చెయ్యి తియ్యి!"

దొర చెయ్యి తీశాడు. అది మళ్ళీ లివర్ దగ్గరికే పోతుంటే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. గాలికి క్యాబిన్ ఊగుతోంది. వైర్‌లెస్‌లో ఉలుకూ పలుకూ లేదు. "ప్రభువా, నువ్వేం చెయ్యాలంటే..." అని అలవాటుగా మొదలుపెట్టి ఆగిపోయాడు. సిగ్గుతో కుంచించుకుపోయాడు.

"ఇన్నాళ్ళూ నోటితోనే నిన్ను ప్రభువన్నాను. ఇప్పుడు నన్ను ఏలు తండ్రీ. పిల్లాడు బతకాలనే ఉంది నాకు. అయినా నీ చిత్తమే జరగనీ."

ఆ చివరి మాట అనడానికి ఆయన పళ్ళు బిగబట్టి ఏడవాల్సి వచ్చింది. అప్పుడు వైర్‌లెస్‌లో బావమరిది గొంతు వినిపించింది.

"ఇప్పుడు ఎత్తు. మెల్లగా."

ఎత్తాడు.

"చాలు."

ఆపేశాడు.

కిందికి దిగేసరికి బావమరిది ఎదురొచ్చి చెవిలో చెప్పాడు. "ప్రాణానికి భయం లేదు బావా. కాలే దక్కదేమో. వైర్‌లెస్ పాడై ఇలా జరిగిందని చెబుదాం. నిన్నెవరూ వేలెత్తి చూపరు."

కూతురి ముఖం కళ్ళముందు మెదిలింది. సరేనంటే గండం గడిచిపోతుంది. దొర తల అడ్డంగా ఊపి, స్ట్రెచర్ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బాబూ, వైర్‌లెస్ తప్పు కాదు. కిందినుంచి ఎవరూ చెప్పకుండానే దింపాను. నేనే చేశాను."

అల్లుడు ఆయన్ని చూసి ముఖం అటు తిప్పుకున్నాడు. దొర నచ్చజెప్పబోకుండా లేచాడు. స్ట్రెచర్ ఎత్తుతుంటే తనూ ఒక కొస పట్టుకుని నడిచాడు.