కుడివైపు నడిచే బొక్కెనోడు

వీడియో గేములో బొక్కెనోడికి వెనక్కి నడవడం రాదు. నెత్తిన నీళ్ల బొక్కెన పెట్టుకుని తెర ఎడమ అంచున మొదలుపెడతాడు, కుడివైపుకే పోతాడు. మెట్లెక్కుతాడు, గుంటలు దూకుతాడు, తేళ్లను తప్పించుకుంటాడు. కొండమీది ఊరికి నీళ్లు చేర్చడం వాడి పని. ఒక్క చుక్క ఒలికిందా, ఆట మొదటికొస్తుంది. ఆ గేము అసలు పేరేమిటో మదనపల్లెలో మా నీరుగట్టువారిపల్లె మొత్తం మీద ఎవరికీ తెలియదు. క్యాసెట్టు మీద ఏదో చైనా రాత ఉండేది. అందుకని పేరు నేనే పెట్టాను. బొక్కెనోడు.

1994లో ముబారక్ అన్న మా వీధిలోనే ఒక గదిలో రెండు టీవీలు పెట్టి గేముల అంగడి తెరిచాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆడపిల్లలు అటువైపు వెళ్లేవాళ్లు కాదు. నేను వెళ్లేదాన్ని. ఆడపిల్లకు ఈ ఆటలేమిటని నవ్విన మగపిల్లలందరినీ వరసగా ఓడించి ఇంటికి పంపేదాన్ని. వాళ్ల ముఖాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. తర్వాత ఇంటింటికీ కేబుల్ వచ్చింది, అంగడి మూతపడింది. ముబారక్ అన్న పుంగనూరు వెళ్లి బస్టాండు దగ్గర టీవీలు రిపేరు చేసుకుంటూ స్థిరపడ్డాడు. నేను పదో తరగతి అయ్యాక ఇంట్లో గ్రాఫు పని పట్టుకున్నాను.

గ్రాఫు పనంటే పెద్ద మంత్రమేమీ కాదు. పట్టుచీర అంచులో నెమలి కావాలంటే ముందు గళ్ల కాగితం మీద నెమలిని గడులుగా నింపాలి. నింపిన గడికి అట్టలో ఒక రంధ్రం కొట్టాలి, ఖాళీ గడిని వదిలెయ్యాలి. ఆ అట్టల దండ మగ్గం మీది జకార్డు డబ్బాకెక్కితే, మా నాయన సిద్దప్ప నేసే చీరలో నెమలి దిగుతుంది. బొక్కెనోడూ అంతే, ఒళ్లంతా గడులే. ఎనిమిదో తరగతిలోనే వాడిని టీవీ తెర మీద గడి గడిగా లెక్కపెట్టి గ్రాఫులోకి దించాను. చీరల కాగితం పాడు చేశానని నాయన వీపు మీద రెండిచ్చాడు. కాగితం మాత్రం నేను పారెయ్యలేదు.

నాయన సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి అట్టల్లో ఒకటి తారుమారై, ఒక్క నెమలికి కన్ను పడలేదు. అది చూసుకునేసరికి మూడు రోజుల నేత ముందుకు వెళ్లిపోయింది. చీర కొనే సేటు కనిపెట్టేవాడు కాదు, కట్టుకునే ఆవిడా కనిపెట్టేది కాదు. మా అమ్మ రత్నమ్మ ఎంత బతిమాలినా వినకుండా ఆయన మూడు రోజుల నేతా పోగు పోగు విప్పేశాడు. “నాకు తెల్సు గదా” అన్నాడు, అంతే.

2004 వచ్చేసరికి ఊళ్లోకి కంప్యూటరు వచ్చింది. నేను వారం రోజులు కూర్చుని కొట్టే అట్టలను అది ఒక్క పూటలో కొట్టి పడేస్తుంది. నా దగ్గరికి గ్రాఫులు రావడం మానేశాయి. “పోతే పోయింది, అమ్మ పక్కన మగ్గంలో కూసో” అన్నాడు నాయన. మగ్గం అంటే నాకు చిన్నచూపు లేదు. కానీ పదమూడు గంటలు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలంటే నాకు ఊపిరాడదు. నాకు గడులు కావాలి, లెక్క కావాలి. అది ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అయ్యేది.

సరిగ్గా అప్పుడే ముబారక్ అన్న ఫోను చేశాడు. కుప్పంలో ఎవరో షెడ్డు పెట్టి ఎల్‌ఈడీ బోర్డులు చేస్తున్నారట. బస్సుల ముందు, బేకరీల మీద వెలిగే అక్షరాల బోర్డులు. పనికి ఆడవాళ్లను తీసుకుంటారట. “సర్టిఫికెట్లు అడగరంట తులసమ్మా. చేత్తో చేసిన వస్తువు, వెలిగేది, ఏదైనా తెమ్మంటాండారు. శుక్రవారం రెండు గంటల లోపల. మళ్లా తీసుకునేది వచ్చే ఏడే.”

నాయనతో పందెం వేశాను. పని వస్తే నన్ను పంపాలి. రాకపోతే శనివారం పొద్దున్నే మగ్గంలో కూర్చుంటాను, మళ్లీ ఈ మాటెత్తను. ఆయన దారం చుడుతున్న కండె మీద నుంచి కళ్లెత్తకుండానే “సరే” అన్నాడు. ఆయన సరే అన్నాడంటే సరే.

ఏం చెయ్యాలో రెండోసారి ఆలోచించలేదు. బొక్కెనోడి దీపం. ముబారక్ అన్న బస్సు కండక్టరు చేతికిచ్చి రంధ్రాల బోర్డు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు, పాత సోల్డరింగ్ ఐరన్ పంపాడు. టమాటా మండీ దగ్గర విరిగిన పెట్టెల పలకలు ఏరుకొచ్చి గూడు చేశాను. ముందువైపు వెలుగు మెత్తబడేలా ట్రేసింగు కాగితం అంటించాను. పాత గ్రాఫు ముందు పెట్టుకుని, గడికొక దీపం చొప్పున నూట పద్దెనిమిది పెట్టాను. పసుపు బొక్కెన, ఎర్ర చొక్కా, ఆకుపచ్చ నిక్కరు. గురువారం సాయంత్రం స్విచ్చి వేస్తే అన్నీ వెలిగాయి. అమ్మ చప్పట్లు కొట్టింది. నాయన అటు చూడనైనా లేదు. నాకు ఒళ్లు మండింది.

శుక్రవారం ఆరున్నర బస్సెక్కి, ఒళ్లో దీపం పెట్టుకుని పుంగనూరులో దిగాను. దారిలోనే కదా, ముబారక్ అన్నకు చూపించి పోదామని. ఆయన అంగడి ముందు నీళ్లు చల్లుతున్నాడు. దీపం వెలిగించగానే ఆయన ముఖమంతా నవ్వయింది. తర్వాత తల ఒక పక్కకు వంచాడు.

“తులసమ్మా, వీడు యాడికి పోతాండాడు?”

“యాడికేంది? కొండమీదికి.”

“కొండ కుడిపక్క గదా ఉండేది. వీడు ఎడమపక్కకి తిరిగి ఉండాడే. ఇంటికి పోతాండాడా?”

చూశాను. ముక్కు ఎడమకు, ముందుకు వేసిన కాలు ఎడమకు, బొక్కెన పట్టుకున్న చెయ్యి తారుమారు.

ఎక్కడ తప్పిందో అక్కడే అర్థమైంది. మా మగ్గంలో చీర ముఖం కిందికి ఉంటుంది, నేసేవాళ్లకు కనిపించేది వెనకవైపే. కింద అద్దం పెట్టుకుని ముఖం సరిచూసుకుంటాం. అందుకే అట్టలు కొట్టేటప్పుడు గ్రాఫును కుడి నుంచి ఎడమకు చదవడం మా ఇంటి పద్ధతి. ఆరేళ్లుగా చేతికి అదే అలవాటు. దీపాలు మాత్రం ముందువైపు నుంచే గుచ్చాను, చదవడం మగ్గం చదువు చదివాను. నెమళ్లు అంచులో రెండువైపులా చూస్తుంటాయి కాబట్టి చీరలో ఈ తేడా ఎవరికీ పట్టదు. బొక్కెనోడికి ఒక్కటే దిక్కు.

ముబారక్ అన్న నా ముఖం చూసి కంగారుపడ్డాడు. “పోనీలేమ్మా, కుప్పంలో వీడెవురో ఎవురికి తెల్సు? అన్నీ వెలుగుతాండాయి, అది సాలు. బస్సుకు పో.”

“నాకు తెల్సు గదన్నా” అన్నాను. ఆ గొంతు నాది కాదు, మా నాయనది.

అప్పటికి ఎనిమిది కావస్తోంది. పదిన్నర బస్సు దాటితే రెండు గంటలకు కుప్పం చేరలేను. నూట పద్దెనిమిదీ పీకితే సాయంత్రమవుతుంది. వెంట తెచ్చుకున్న గ్రాఫు తీసి మధ్య నిలువు వరుస మీద కాగితాన్ని మడిచి, వెలుతురుకు పట్టి చూశాను. రెండు సగాలూ కలిసిన గడులను కదపక్కర్లేదు. కలవనివి లెక్కపెట్టాను. ఇరవై రెండు. అవి పీకి అవతలి పక్కకు మారిస్తే చాలు. బల్ల ముందు కూర్చుని ఐరన్ వేడెక్కించాను. నాలుగు పీకానో లేదో, కరెంటు పోయింది.

“ఎండాకాలం గదమ్మా, ఎనిమిది నుంచి పది దాకా కోత” అన్నాడు ఆయన నేరం తానే చేసినట్టు.

కరెంటోళ్లను నాలుగు తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను. తర్వాత లేచి, “అన్నా, కిరసనాయిలు స్టవ్వు ఉందా?” అని అడిగాను. టీ కాచుకునే స్టవ్వు ఉంది. లావుపాటి రాగి తీగ తీసుకుని మొన సానబెట్టి, పాత స్క్రూడ్రైవరు పిడికి బిగించాం. మంట మీద కాలుస్తాను, పరుగున వచ్చి ఒక అతుకు వేస్తాను, రెండోది వేసేలోపు చల్లారిపోతుంది. మళ్లీ కాలుస్తాను. వేడి ఎక్కువైతే దీపం చచ్చిపోతుంది, తక్కువైతే సీసం కరగదు. ఎంత వేడో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. చూపుడు వేలు రెండుచోట్ల బొబ్బలెక్కింది. మూడు ఎర్ర దీపాలు మాడిపోయాయి, వేరే ఎర్రవి అంగడిలో లేవు. ముబారక్ అన్న తన సొంత స్టెబిలైజర్లు మూడు విప్పి, వాటి ఎర్ర దీపాలు పీకి నా చేతిలో పెట్టాడు. ఆ పూట ఆయన నాకు సొంత అన్నకంటే ఎక్కువ.

పది దాటినా కరెంటు రాలేదు. పది గంటల ఇరవై నిమిషాలకు రాగి తీగతోనే చివరి అతుకు వేశాను. బ్యాటరీ తగిలించాం. బొక్కెనోడు కుడివైపు తిరిగి వెలిగాడు. సంబరపడే తీరిక లేదు, బస్సు కదులుతోంది. ముబారక్ అన్న ముందు పరుగెత్తి, దానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

కుప్పంలో ఆ షెడ్డు చేరేసరికి రెండుకు పది నిమిషాలు తక్కువ. అప్పటికే ఏడెనిమిది మంది వచ్చి ఉన్నారు. పని చూసేది ఖాతూన్ అనే ఆమె, నలభై దాటి ఉంటాయి, కళ్లజోడు ముక్కు చివరన ఉంది. నా దీపం వెలిగించి చూసి నవ్వింది. “బాగుండాడే వీడు” అంది. వెంటనే ఆర్పేసి, గూడు తిప్పి వెనక పలక తీసింది. ఇంట్లో వేసిన అతుకులు ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. పుంగనూరులో వేసినవి నల్లగా, గడ్డలు గడ్డలుగా ఉన్నాయి.

“ఇవేందమ్మా ఇట్లుండాయి?”

దాచి లాభం లేదు. తప్పు చదవడం, విప్పడం, కరెంటు పోవడం, రాగి తీగ, అన్నీ చెప్పాను. బొబ్బల వేలు కూడా చూపించాను. ఆమె కళ్లజోడు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“అంటే నువ్వు ఎనకపక్క నుంచి సూసి చదువుతావా?”

“మగ్గంలో మాకు అదే కనిపిస్తాదమ్మా.”

ఆమె లోపలికి వెళ్లి ఒక పెద్ద బోర్డు తెచ్చి, వెనకవైపు నాకు కనిపించేలా పట్టుకుంది. వందల అతుకులు, అన్నీ తిరగేసిన అక్షరాలు. పక్కనున్న అమ్మాయిలు తలలు అటూ ఇటూ వంచుతున్నారు. నాకు వంచాల్సిన అవసరం రాలేదు.

“రామకుప్పం” అన్నాను. ఇంకోసారి చూసి, “‘ప్పం’ దగ్గర ఒత్తులో ఒక దీపం గడి తప్పిందమ్మా. పై వరుసలో ఉండాల” అన్నాను.

ఆమె బోర్డును తిప్పి ముందువైపు చూసింది. వేలితో ఒత్తు తడిమింది. “ఇది పొద్దున పాసు చేసింది నేనే” అంది మెల్లగా. “ఈడ అందరూ ఎనకపక్క నుంచే అతకాల. అది కండ్లకు అలవాటయ్యేదానికి ఒకొక్కరికి ఆరు నెల్లు పడతాది. సోమవారం రా. గుడ్డలు తెచ్చుకో, ఆరు రోజులు ఈడే ఉండాల. ఆ నల్ల అతుకులు మాత్రం మళ్లా నాకు చూపించొద్దు.”

బస్సులో పలమనేరు దాకా నాలో నేనే నవ్వుకుంటూ ఉన్నాను. మదనపల్లె దగ్గరపడే కొద్దీ నవ్వు తగ్గింది. పందెం గెలిచాను, నిజమే. కానీ నాయన పంపుతాడా, పంపినా మనసారా పంపుతాడా అన్నది వేరే సంగతి.

ఇల్లు చేరేసరికి ఆయన మగ్గం దిగి కాళ్లు కడుక్కుంటున్నాడు. పని వచ్చిందని చెప్పాను. ఆయన నా చేతిలో దీపం అందుకున్నాడు. వెలిగించలేదు. ముందువైపు చూడనైనా లేదు. చీర చూసినట్టే దాన్ని తిప్పి, వెనక పలక తీసి, బొటనవేలు అతుకుల మీద వరసగా పోనిచ్చాడు. నల్ల గడ్డల దగ్గర వేలు ఆగింది.

“ఈడ విప్పినావా?”

“విప్పి మళ్లా పెట్టినా నాయనా.”

“యాల?”

“వాడు ఎడమపక్కకి తిరిగి ఉండె. కుడిపక్కకి పోవాల.”

“కుప్పమోళ్లు కనిపెట్టినారా?”

“వాళ్లకెట్లా తెలస్తాది? నాకు తెల్సు గదా.”

ఆయన పలక మూసి, దీపాన్ని తీసుకెళ్లి మగ్గం మీద, ఇన్నాళ్లూ నా అట్టలు వేలాడిన జకార్డు డబ్బా పక్కన పెట్టి, మొదటిసారి స్విచ్చి వేశాడు. బొక్కెనోడు నీళ్లెత్తుకుని కుడివైపుకు నడుస్తున్నాడు.

“సోమవారం బస్సు ఎన్ని గంటలకు?” అన్నాడు నాయన.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

“ఆరున్నరకు” అన్నాను.