జాడీలో మెతుకు

మూత తీయగానే రొయ్యల పచ్చడి మీద తెల్లటి బూజు కనిపించి కెజియా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ జాడీ రేపు పొద్దున నెల్లూరులో ఒక హోటల్‌కు వెళ్లాలి. ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టాక వచ్చిన మొదటి పెద్ద ఆర్డర్ అది.

"తడి గరిటె పెట్టినావేమో," అన్నాడు భర్త బెన్హర్.

"నా గరిటెలు ఎండలో ఆరినాకే వాడతాను. నువ్వే మూత తీసుంటావు."

"నన్ను వంటింట్లోకి రానిస్తే గదా తీసేదానికి."

కెజియా వంగి చూసింది. బూజు మధ్యలో అన్నం మెతుకు ఉంది. ఎవరో తింటున్న చేతినే జాడీలో పెట్టారు. మధ్యాహ్నం భోజనం వేళకు ఇంట్లో ఉండేది ఆమె, మామగారు జడ్సన్ మాత్రమే.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. కుర్చీలో కూర్చున్న జడ్సన్ తల ఎత్తలేదు.

"నేనేనమ్మా. నాలుగు రోజుల కిందట మధ్యాహ్నం, పళ్లెంలో వట్టి అన్నం ఉండింది. కూరేదని పిలిస్తే, ప్యాకింగ్‌లో ఉండాను, ఆగండి మామయ్యా అన్నావు. ఎంగిలి చెయ్యని తెలిసే పెట్టినాను. ఊరోళ్లంతా ఫోన్లు చేసి నీ పచ్చడి మెచ్చుకుంటా ఉంటే రోజూ వింటా ఉండాను. ఎట్టుంటాదో ఒక్కసారి తిని చూద్దామనిపించింది."