వినబడే చెవి వైపు

నానబెట్టిన అనపగింజల్ని బొటనవేలితో నొక్కితే పప్పు జారి ఒక గిన్నెలో పడాలి, తోలు ఇంకో గిన్నెలో పడాలి. ఈ పని చేతులకే గానీ నోటికి అడ్డం రాదు. అందుకే మా ఇంట్లో అత్తాకోడళ్ళం ఏ మాటైనా ఈ గిన్నెల ముందరే మాట్లాడుకుంటాం. ఆ సాయంత్రం మాత్రం మా కోడలు ప్రసన్నకుమారికి పని మీద ధ్యాస లేదు. పప్పు తీసి తోళ్ళలో వేస్తోంది, తోళ్ళు తీసి పప్పులో వేస్తోంది. చూసి చూసి రెండు గిన్నెలూ నావైపు లాక్కున్నాను.

"ఏమ్మే, ఎవురేమన్నారు?"

"ఎవురూ ఏమన్లేదత్తా. సంతకం పెట్టమన్నారు, అంతే."

ప్రసన్న తిరుపతిలోనే యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తుంది. చేరి ఎన్నేళ్ళయినా ఇంకా టెంపరరీయే. ఆ ఏడు యూనివర్సిటీలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ పాత సిస్టం తీసేసి కొత్తది పెట్టాలని పైవాళ్ళు అనుకున్నారు. ఏది ముందు మార్చాలి, ఏది వెనక మార్చాలి అన్న ప్లాను రాసే పని ఈమెకు అప్పజెప్పారు. అదేదో లినక్స్ అట. మిషన్లన్నీ అవేనట, లోపల నడిపించేది మారుతుందట.

"ఇల్లు అదే గానీ పెత్తనం మారతాదన్నమాట" అన్నాను నేను.

"అట్లే అనుకో. కొత్త కోడలొచ్చినట్టు. ఉప్పు యాడుండాదో, పప్పు యాడుండాదో దానికి తెలీదు గదా. తెలిసేదాకా పాతదాన్ని కూడా పక్కనే ఉంచుకోవాల."

కొత్త కోడలి బతుకెలా ఉంటుందో, ఆ సంగతి నాకు ఒకరు చెప్పాలా? ఇంట్లో ఏది పగిలినా ఆమె చేతిలోనే పగిలినట్టు, పాలు విరిగినా ఆమె చూపు తగిలే విరిగినట్టు.

ప్రసన్న రాసిన ప్లాను ప్రకారం ముందు లైబ్రరీ మార్చాలి, తర్వాత హాస్టళ్ళు. పరీక్షల సెక్షన్ మాత్రం అన్నిటికన్నా ఆఖర్న, సప్లిమెంటరీ రిజల్ట్స్ బయటికిచ్చేశాకే ముట్టుకోవాలి. వాళ్ళ డైరెక్టర్ దామోదరం సార్ దాన్ని తలకిందులు చేశాడు. ధనుర్మాసం వస్తే నెల పాటు మంచి పని మొదలుపెట్టరు కాబట్టి ఈ శుక్రవారం పొద్దున్నే ముహూర్తం పెట్టించాడట. పరీక్షల సెక్షన్తోనే మొదలుపెట్టి, ఆ రోజే అన్నీ మార్చేయాలట. వీసీ గారు వచ్చి కొబ్బరికాయ కొడతారట. ఆయన మార్చిన ప్లాను కాగితం కింద మాత్రం 'తయారుచేసినది' అని ప్రసన్న పేరు ఉంది. ఎంత వెతికినా సార్ పేరు ఎక్కడా లేదట.

"కొత్తదాన్ని ఒకసారి నడిపి చూసినా అత్తా" అంది గొంతు తగ్గించి. "కొన్ని సబ్జెక్టుల మార్కులు కింది వరసలోకి జారిపోయినాయి. ఒక పిల్ల మార్కులు ఇంకో పిల్లకి పోతాయి. ఎందుకో నాకింకా దొరకలే. అది దొరక్కుండా శుక్రవారం అంటే..."

మిగతాది చెప్పనవసరం లేదు. అంతకు ముందొక ఏడు అచ్చులో ఏదో తప్పు పడి రేణిగుంట పిల్ల, ధరణి అని, ఫెయిలైనట్టు వచ్చింది. దిద్దిన మార్కుల కాగితం ప్రసన్నే స్వయంగా తీసుకుపోయి ఇచ్చింది. ఆ సరికి చదివింది చాలని వాళ్ళ నాయన ఆ పిల్ల పెళ్ళి చేసేశాడు. ఆ కాగితం పట్టుకుని ఆ పిల్ల, "ఇప్పుడిది యాడ పెట్టుకోవాలక్కా" అని అడిగిందట. అప్పటి నుంచి రిజల్ట్స్ రోజులొస్తే ప్రసన్నకు ముద్ద మింగుడుపడదు.

అంతలో మా కొడుకు జయచంద్ర వచ్చాడు. వాడూ అదే యూనివర్సిటీలో గుమాస్తా. మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుకుంటూ, "సంతకం పెట్టినావా లేదా?" అన్నాడు. ప్రసన్న లేచి వాడి కుడి పక్కకు పోయి నిలబడింది. ఎడమ చెవి వాడికి చిన్నప్పుడే పోయింది. మా ఇంట్లో ఎవరైనా వాడితో మాట్లాడాలంటే కుడి పక్కకే వెళతాం.

"మార్కులు జారిపోతా ఉండాయి. నాకు భయంగా ఉండాది" అంది.

"ఆడోళ్ళకి దేనికి భయం లేదు చెప్పు? గ్యాస్ వెలిగించాలన్నా భయమే. నీ పర్మనెంటు ఫైలు ఆయన టేబుల్ మీదుండాది. వారం రోజులు నోరు మూసుకుంటే పనయిపోతాది. రేపు ఏమన్నా అయితే ఆయన చూసుకోడా?"

"ఆయన పేరు లేదు గదా దాంట్లో."

వాడు వినిపించుకోలేదు. అది చెవిటి చెవి తప్పు కాదు.

వంటింట్లోకి వచ్చాక నేనొక ఉపాయం చెప్పాను. మా నాయన నాకు నేర్పిన చదువంతా పంచాంగం చూడటమే. చుట్టుపక్కల వాళ్ళు మంచీ చెడ్డా నన్నే అడుగుతారు. "శుక్రవారం నీ నక్షత్రానికి పడదని చెప్తాను. జయా నమ్ముతాడు, మీ సారూ నమ్ముతాడు. ధనుర్మాసం పోయేదాకా ఎవురూ కదలరు. నీ మీదికి మాట రాదు."

ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఒప్పుకుంటుందనే అనుకున్నాను. నేనైతే ఒప్పుకునేదాన్నే.

"వొద్దత్తా. నక్షత్రం బాగలేదని ఆపితే, ఇంకో మంచి దినం చూసి ఇదే పని చేస్తారు. ఆపింది నక్షత్రం కాదు, నేనని తెలియాల. సార్ మార్చినదానికి కాదు, నా ప్లానుకే నేను సంతకం పెడతా. మార్కులు జారతా ఉండాయని కిందనే రాస్తా."

"పర్మనెంటు చేయకపోతే?"

"భయంగానే ఉండాది" అంది. తన ప్లాను కాగితం, కలం తీసుకుని లోపలికి పోయింది.

పాకాల పక్కన మా పల్లె విడిచి తిరుపతికి వచ్చిన రోజు కళ్ళ ముందుకొచ్చింది. చంటిబిడ్డ ఒళ్ళు పెనంలా కాలుతోంది. నాలుగు రోజులు ఆగుదాం, నాకు భయంగా ఉందన్నాను. "ముహూర్తం దాటిపోతాది. ఆడదానికి అన్నీ భయాలే" అన్నాడు మా మామ. నా మొగుడు గోడ వంక చూశాడు. దారంతా వాన. జ్వరం తగ్గింది గానీ చెవి పోయింది. "తల్లి సరిగ్గా కప్పి ఉంటే పొయ్యేదా?" అంది మా అత్త. ఆ మాట పెరిగి పెద్దదై ఇంటి కథ అయిపోయింది. మా జయా కూడా దాన్నే వింటూ పెరిగాడు. నేను ఎన్నడూ కాదనలేదు.

"అమ్మా" పిలిచాడు బయటి నుంచి. "పంచాంగం తీసుకొచ్చి దానికి నువ్వన్నా చెప్పు. శుక్రవారం మంచిదినమా, కాదా?"

పంచాంగం మేకుకే ఉంది. నేను తియ్యలేదు. లోపల ప్రసన్న కలం కాగితం మీద నడుస్తోంది, ఆగుతోంది, మళ్ళీ నడుస్తోంది. కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి పోయాను.

"శుక్రవారం మంచిదే నాయనా. నిన్ను ఒళ్ళో పెట్టుకుని పల్లె నుంచి వచ్చినాను సూడు, ఆ దినం కూడా శానా మంచిది" అన్నాను. ఆ తర్వాత మంచం చుట్టూ తిరిగి పోయి వాడికి వినబడే చెవి వైపు కూర్చున్నాను.

"ఆ పొద్దు నేనేం చెప్పినానో నీకెవురూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్తాను, విను."